ఏడాది అంచనా, మూడు రోజుల ట్రేడు

సాయంత్రం ఆరున్నరకు మీ ఫోన్ మోగుతుంది. ఒక పెద్ద బ్రోకరేజీ సంస్థ ల్యామ్ రీసెర్చ్ షేరు రేటింగును ‘హోల్డ్’ నుంచి ‘బై’కి మార్చిందని, టార్గెట్ ధర కూడా పెంచిందని వార్త. అమెరికా మార్కెట్ తెరవడానికి ఇంకా అరగంట ఉంది. ప్రీమార్కెట్లో షేరు అప్పటికే నాలుగు శాతం పైన ఆడుతోంది. మార్కెట్ తెరవగానే కొనేసి, రెండు మూడు రోజుల్లో అయిదారు శాతం లాభంతో బయటపడదామని చెయ్యి లాగుతుంది. ఈ అధ్యాయం ఆ అరగంట గురించే. అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోగలిగితే మీ డబ్బు చాలావరకు మిగులుతుంది. ఈ రిపోర్టు రాసినాయన ఎంత కాలానికి లెక్క వేశాడు, నేను ఎంత కాలానికి కొంటున్నాను?

అనలిస్టుల టార్గెట్ ధరలు దాదాపు అన్నీ పన్నెండు నెలలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చేవే. రిపోర్టు చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఆ మాట రాసే ఉంటుంది. మీ ట్రేడు మూడు రోజులది. ఈ ఏడు వానలు సగటు కంటే ఎక్కువ పడతాయని వాతావరణ శాఖ చెబితే, ఆ మాట పట్టుకుని వచ్చే మంగళవారం వాన ఖాయమని విత్తనాలు చల్లే రైతు ఉండడు. వాతావరణ శాఖ మంగళవారం గురించి అసలు మాట్లాడలేదని అతనికి తెలుసు. అప్‌గ్రేడ్ సంగతీ అంతే. అనలిస్టు చెప్పింది పన్నెండో నెలకల్లా అక్షరాలా నిజం కావచ్చు. ఆలోపు మీ స్టాప్‌లాస్ రెండు మూడుసార్లు తగిలి, మీరు నష్టంతో బయటికి వచ్చేసి ఉండవచ్చు. అందుకే అప్‌గ్రేడ్‌ను కొనమనే సంకేతంగా తీసుకోవద్దని, కూర్చుని చదవాల్సిన కాగితంగా తీసుకోమని చెబుతున్నాను.

ముందు ధర సంగతి చూద్దాం. నిన్న షేరు 100 డాలర్ల దగ్గర ముగిసిందనుకోండి. మార్కెట్ తెరవకముందే అప్‌గ్రేడ్ వచ్చింది, షేరు 104 దగ్గర మొదలైంది. మీరు మార్కెట్ ఆర్డర్ పెట్టారు, 104కే దొరికింది. అంతకుముందే షేరు చేతిలో ఉన్నవాళ్లు లాభాలు బుక్ చేసుకుంటూ పోయారు, రోజు చివరికి ధర 102.50కి దిగింది. మర్నాడు వార్తలో ఏమని వస్తుంది? ‘అప్‌గ్రేడ్‌తో రెండున్నర శాతం పెరిగిన షేరు’ అని. అది నిజమే. మీ ఖాతాలో మాత్రం దాదాపు 1.4 శాతం నష్టం. వార్త రాసేవాళ్లు నిన్నటి ముగింపు నుంచి లెక్కగడతారు, మీ లెక్క మీరు కొన్న ధర నుంచి మొదలవుతుంది. అప్‌గ్రేడ్‌లు ‘పనిచేస్తాయి’ అని చాలామందికి గట్టి నమ్మకం కలగడానికి ఈ రెండు లెక్కలను ఒకటిగా చూడటమే పెద్ద కారణమని నా అభిప్రాయం. గత ఆరు నెలల్లో మీ కంటబడిన అప్‌గ్రేడ్‌లను తీసుకుని, ముగింపు ధర బదులు ఆ రోజు మార్కెట్ మొదలైన ధర నుంచి మూడు రోజుల ఫలితం రాసుకోండి. ఒక ఆదివారం సరిపోతుంది. అందులో తేలేది నా మాట కంటే మీకు ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

మరి ఇంకా వేగంగా కొంటే? దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. ఎమరీ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ బుస్సే, క్లిఫ్టన్ గ్రీన్ 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. మార్కెట్ నడుస్తుండగా సీఎన్‌బీసీ చానల్లో అనలిస్టుల అభిప్రాయాలు వినిపించే కార్యక్రమాలను తీసుకుని, షేరు పేరు వినిపించిన క్షణం నుంచి ధర ఎలా కదిలిందో సెకన్ల లెక్కన గమనించారు. మంచి మాట వచ్చిన షేర్ల ధర నిమిషంలోపే సర్దుకుంది. పదిహేను సెకన్లలోపు కొన్నవాళ్లకే కాస్త మిగిలింది. అది జనం టీవీ చూసి ఆర్డర్లు పెట్టిన 2000 నాటి మాట. ఇప్పుడు ఆ హెడ్‌లైన్లను కంప్యూటర్లే చదివి ఆర్డర్లు పెడుతున్నాయి. పైగా బ్రోకరేజీ రిపోర్టు ముందుగా ఆ సంస్థకు వ్యాపారం ఇచ్చే ఫండ్ల చేతికి వెళుతుంది, వార్త రూపంలో మీ ఫోన్‌కు చేరేది ఆ తర్వాతే. ఈ పరుగులో గెలవలేకపోవడం మీ లోపం కాదు. ఆ పరుగులో అసలు దిగకుండా ఉండటం మీ చేతిలో పని.

సెమీకండక్టర్ పరికరాల షేర్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇవి చిప్‌లు తయారుచేసే యంత్రాలను అమ్మే కంపెనీలు. నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్, సిలికాన్ వేఫర్ మీద కాంతితో సర్క్యూట్లు ముద్రించే యంత్రాలు చేస్తుంది. వాటిలో అత్యాధునికమైన ఈయూవీ యంత్రాలను ప్రపంచంలో ఇంకెవరూ అమ్మడం లేదు. కాలిఫోర్నియాలోని అప్లైడ్ మెటీరియల్స్‌కు వేఫర్ మీద పొరలు వేసే యంత్రాల్లో, ల్యామ్ రీసెర్చ్‌కు ఆ పొరలను చెక్కే యంత్రాల్లో, కేఎల్ఏకు లోపాలు పట్టే యంత్రాల్లో పేరుంది. జపాన్‌లో టోక్యో ఎలక్ట్రాన్ ఉంది. కొనేవాళ్లేమో గుప్పెడు మంది. టీఎస్‌ఎంసీ, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, కొన్ని చైనా కంపెనీలు. పెద్ద యంత్రం ఒక్కోటి కోట్ల డాలర్లు చేస్తుంది. ఒక్క కస్టమర్ తన ఫ్యాక్టరీని ఆరు నెలలు వాయిదా వేస్తే చాలు, ఆ త్రైమాసికం ఆర్డర్ల లెక్క తారుమారవుతుంది. ఇంత కొద్దిమంది కొనుగోలుదారుల మీద ఆధారపడ్డ వ్యాపారంలో ఏడాది అంచనా వేయడం సాధ్యమే, వచ్చే వారం ఏం జరుగుతుందో చెప్పడం మాత్రం ఎవరి వల్లా కాదు.

2024 అక్టోబర్ 15న జరిగింది చూడండి. ఏఎస్‌ఎంఎల్ మర్నాడు విడుదల చేయాల్సిన త్రైమాసిక ఫలితాలు సాంకేతిక పొరపాటు వల్ల ఒకరోజు ముందే వెబ్‌సైట్లో కనబడ్డాయి. వచ్చిన ఆర్డర్లు 260 కోట్ల యూరోలు. అనలిస్టులు అనుకున్నదాంట్లో అది సగం కూడా లేదు. 2025 అమ్మకాల అంచనాను కూడా కంపెనీ తగ్గించింది. ఆ ఒక్కరోజే షేరు దాదాపు 16 శాతం పడింది. అంతకుముందు వారం ఏదో ఒక బై రేటింగు చూసి మూడు రోజుల కోసం కొన్న మనిషికి ఆ రేటింగు ఏమైనా అక్కరకు వచ్చిందా? కొన్ని నెలల తర్వాత కంపెనీయే, త్రైమాసిక ఆర్డర్ల అంకెను 2026 నుంచి ప్రకటించబోమని చెప్పింది. ఒక త్రైమాసికం అంకె చూసి వ్యాపారం మొత్తాన్ని తూచడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

దీనికి ఎదురు దిశలో ల్యామ్ రీసెర్చ్ ఉదాహరణ ఉంది. 2022 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వం చైనాకు చిప్ యంత్రాల ఎగుమతి మీద గట్టి ఆంక్షలు పెట్టింది. వాటివల్ల 2023లో 200 నుంచి 250 కోట్ల డాలర్ల రాబడి పోవచ్చని ల్యామ్ అదే నెలలో చెప్పింది. మెమరీ చిప్‌ల కంపెనీలు కూడా ఖర్చు తగ్గించుకోవడంతో, 2022 డిసెంబర్ త్రైమాసికంలో దాదాపు 530 కోట్ల డాలర్లున్న రాబడి 2023 జూన్ త్రైమాసికానికి సుమారు 320 కోట్లకు పడిపోయింది. మరి షేరు? 2023 సంవత్సరం మొత్తమ్మీద 80 శాతానికి పైగా పెరిగింది. రాబడి అడుగంటకముందే ధర లేచింది. ఈ రంగంలో ధర ఎప్పుడూ ముందుకు చూస్తుంది. రాబడి బాగుపడ్డాక, అందరికీ నమ్మకం కుదిరాక వచ్చే అప్‌గ్రేడ్ చూసి కొనేవాళ్లు, ధర అప్పటికే నడిచిపోయిన దారికి డబ్బు కడుతున్నట్టు లెక్క.

‘ఒకటి కాదు, వారంలో అయిదు సంస్థలు అప్‌గ్రేడ్ చేశాయి, అయిదుగురూ పొరపడతారా?’ అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆ అయిదుగురూ ఎక్కడి నుంచి లెక్క తీశారో చూడండి. 2025 జనవరిలో టీఎస్‌ఎంసీ ఆ ఏడాది పెట్టుబడి ఖర్చు 3,800 నుంచి 4,200 కోట్ల డాలర్లు ఉంటుందని ప్రకటించింది. అంతకుముందు ఏడాది అది 3,000 కోట్లకు కాస్త తక్కువ. అలాంటి అంకె ఒకటి బయటికి రాగానే అందరు అనలిస్టుల స్ప్రెడ్‌షీట్లలోకీ ఒకే రోజు చేరుతుంది, అందరి అంచనాలూ ఒకే వైపు జరుగుతాయి. చూడటానికి అయిదు సాక్ష్యాలు, నిజానికి ఒకే సాక్ష్యం అయిదు నోళ్ల నుంచి వినబడుతోంది. అయిదో అప్‌గ్రేడ్ వచ్చేసరికి ఆ మూల వార్త పాతబడి ఉంటుంది.

ఇంకొక ఆక్షేపణ దీనికంటే బలమైనది. అప్‌గ్రేడ్ అయిన షేర్లు ఆ తర్వాత కూడా కొంత పెరుగుతాయని పరిశోధనలే చెబుతున్నాయి కదా? చెబుతున్నాయి. డార్ట్‌మత్ కాలేజీలో పనిచేసిన కెంట్ వోమాక్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా బై జాబితాలో చేరిన షేర్లు మొదటి ఉలికిపాటు తర్వాత కూడా సగటున 2.4 శాతం అదనంగా పెరిగాయని, ఆ పెరుగుదల కొద్దికాలమే సాగిందని తేలింది. ఇది విని ఉత్సాహపడేముందు, బ్రాడ్ బార్బర్, మరో ముగ్గురు 2001లో చూపించిన లెక్క చూడండి. అనలిస్టులు ఎక్కువగా మెచ్చిన షేర్లను రోజూ సరిచూసుకుంటూ కొంటే, ఖర్చులు తీయకముందు ఏడాదికి నాలుగు శాతం పైగా అదనంగా వచ్చింది. కానీ అలా కొని అమ్మడంలో పెట్టుబడి మొత్తం ఏడాదిలో నాలుగుసార్లకు పైగా చేతులు మారింది. ఆ ఖర్చులు తీసేస్తే నమ్మకంగా చెప్పుకోదగ్గ లాభం మిగల్లేదు. పైగా అది వందల షేర్ల సగటు. మీరు కొనేది ఒకటో రెండో. సగటున రెండు శాతం పెరగడం ఒక మాట, ఒక్క రాత్రిలో పద్నాలుగు శాతం ఊగగల షేరు ఒక్కటి చేతిలో ఉండటం వేరే మాట.

‘నాకైతే మూడుసార్లు లాభమే వచ్చింది’ అనేవాళ్లకు కూడా జవాబు చెప్పాలి. వచ్చే ఉంటుంది. షేర్లన్నీ పెరుగుతున్న నెలల్లో ఏది చూసి కొన్నా లాభమే వస్తుంది. అదే మూడు రోజులు ఫిలడెల్ఫియా సెమీకండక్టర్ ఇండెక్స్ ఎంత పెరిగిందో పక్కన రాసి చూడండి. ఇండెక్స్ నాలుగు శాతం పెరిగి మీ షేరు నాలుగు శాతం పెరిగితే, అప్‌గ్రేడ్ మీకు ఇచ్చిందేమిటి? బార్బర్, టెరెన్స్ ఒడీన్ అమెరికాలో 1991 నుంచి 1996 వరకు 66 వేలకు పైగా కుటుంబాల ఖాతాలు పరిశీలిస్తే, అందరికంటే ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు ఏడాదికి 11.4 శాతం వచ్చింది. మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. మన దగ్గర కూడా, 2022-23లో షేర్లలో ఇంట్రాడే ట్రేడింగ్ చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ లెక్క తేల్చింది.

ఇంత చెప్పినా కొద్దికాలపు ట్రేడింగు చేయాలనే మీకుంటే చేయండి, అది మీ డబ్బు. కానీ ఈ పద్ధతిలో చేయండి.

1. టార్గెట్ ధరను విప్పి చూడండి. అది రెండు అంకెల గుణకారం. షేరుకు ఎంత లాభం వస్తుందన్న అంచనా ఒకటి, ఆ లాభానికి మార్కెట్ ఎన్ని రెట్లు ధర కడుతుందన్నది రెండోది. మొన్నటి రిపోర్టులో లాభం 5 డాలర్లు, 20 రెట్లు, టార్గెట్ 100 అనుకోండి. కొత్త టార్గెట్ 125. ఎలా వచ్చింది? లాభం అంచనా 6.25కి పెరిగి రెట్లు 20 గానే ఉంటే, అనలిస్టుకు వ్యాపారంలో ఏదో కొత్త విషయం కనబడింది, అది ఏమిటో చదవాలి. లాభం అదే 5 దగ్గర ఉండి రెట్లు 25 అయితే వ్యాపారంలో ఏమీ మారలేదు. మిగతా కంపెనీల షేర్లు ఖరీదయ్యాయి కాబట్టి దీనికీ అంత కట్టవచ్చని ఆయన అంటున్నాడు. షేరు ధర ముందే 118కి చేరి ఉంటే, ఆ టార్గెట్ ధర వెనకాలే నడుస్తోందని అర్థం. పూర్తి రిపోర్టు మీకు దొరకకపోవచ్చు. వార్తల్లో లాభం అంచనా పెంచారా లేదా అన్న ఒక్క వాక్యమైనా వెతకండి. అది కూడా దొరక్కపోతే ఆ అప్‌గ్రేడ్ మీకు పనికిరాదనుకుని వదిలేయండి.

2. ఫలితాల తేదీ చూడకుండా కొనకండి. ఏఎస్‌ఎంఎల్, ల్యామ్ ఫలితాలు మామూలుగా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో వస్తాయి. అప్లైడ్ మెటీరియల్స్ ఫలితాలు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో. 2025 ఆగస్టు 14న మార్కెట్ ముగిశాక అప్లైడ్ ఫలితాలు ఇచ్చింది. గడిచిన త్రైమాసికం బాగానే ఉంది, రాబోయే త్రైమాసికానికి చెప్పిన అంచనా మాత్రం నిరాశపరిచింది. మర్నాడు షేరు దాదాపు 14 శాతం పడింది. మీ మూడు రోజుల్లో అలాంటి తేదీ ఒకటి పడుతుంటే, మీరు చేస్తున్నది అప్‌గ్రేడ్ మీద ట్రేడు కాదు, ఫలితాల మీద పందెం.

3. స్టాప్‌లాస్‌ను నమ్ముకుని ఎక్కువ కొనకండి. ఇక్కడ కాస్త ఆగి లెక్క వేద్దాం. మీ పెట్టుబడి అయిదు లక్షలు, ఒక ట్రేడులో అయిదు వేలకు మించి పోకూడదని నియమం పెట్టుకున్నారు. స్టాప్‌లాస్ 5 శాతం కింద పెట్టి లక్ష రూపాయల షేర్లు కొన్నారు. పుస్తకాల్లో ఉండే లెక్క ఇదే. కానీ రాత్రికి రాత్రి వార్త వచ్చి షేరు 15 శాతం కింద తెరుచుకుంటే మీ స్టాప్‌లాస్ ఆ కింది ధరకే అమలవుతుంది, పోయేది పదిహేను వేలు. ఈ రంగంలో అలాంటి రోజులు నిజంగానే వస్తాయి కాబట్టి లెక్కను 5 శాతంతో కాకుండా 15 శాతంతో మొదలుపెట్టండి. అప్పుడు కొనాల్సింది లక్ష కాదు, సుమారు ముప్పై మూడు వేలు. ఇంత తక్కువా అనిపిస్తుంది. కానీ ఆ మొత్తంతో మీరు రాత్రి నిద్రపోగలరు, తర్వాతి ట్రేడుకు డబ్బూ మిగులుతుంది.

4. తెరిచిన వెంటనే మార్కెట్ ఆర్డర్ పెట్టకండి. మీకు సమ్మతమైన ధరకు లిమిట్ ఆర్డర్ పెట్టండి, దొరక్కపోతే వదిలేయండి.

5. చేతికి ఎంత వస్తుందో ముందే లెక్కగట్టండి. ఇండియాలో ఉండి అమెరికా షేర్లు కొనేవాళ్లకు రూపాయిని డాలరుగా, మళ్లీ డాలరును రూపాయిగా మార్చడంలో బ్యాంకు తీసుకునే తేడా ఉంటుంది. 24 నెలల్లోపు అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. రిజర్వు బ్యాంకు పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు గానీ, విదేశీ మార్కెట్లలో మార్జిన్ కట్టడానికి ఆ డబ్బు పంపకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఏడాదిలోపు లాభం మీద మామూలు ఆదాయపు పన్ను రేటే పడుతుంది. నష్టానికి అమ్మిన షేరునే ముప్పై రోజుల్లోపు మళ్లీ కొంటే ఆ నష్టాన్ని అప్పటికి చూపించుకోవడానికి వీల్లేదు. ఇవన్నీ తీసేశాక మూడు రోజుల్లో వచ్చిన మూడు శాతంలో ఎంత మిగులుతుంది?

ఫ్రీమాంట్, శాంటా క్లారా, మిల్పిటాస్ చుట్టుపక్కల ఇదే రంగంలో పనిచేస్తున్న తెలుగువాళ్లకు మరో రెండు మాటలు. మీ జీతం ఈ రంగం నుంచే వస్తుంది, కంపెనీ ఇచ్చిన షేర్లూ ఇందులోవే. రంగం కుంగితే ఉద్యోగం, షేర్లు ఒకేసారి దెబ్బతింటాయి, దాని మీద ఇదే రంగంలో ట్రేడింగ్ కూడా పెట్టుకోవడం మంచిది కాదు. రెండోది చట్టానికి సంబంధించినది. ఏ కస్టమర్ ఎన్ని యంత్రాలు ఆర్డరిచ్చాడో, ఎవరు వాయిదా వేశాడో మీకు ఆఫీసులో తెలిస్తే, మీ కంపెనీ షేరే కాదు, పోటీ కంపెనీ షేరు కొన్నా ప్రమాదమే. 2024లో శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో జ్యూరీ, ఒక మందుల కంపెనీ ఉద్యోగి తన కంపెనీ రహస్య సమాచారంతో అదే రంగంలోని మరో కంపెనీ ఆప్షన్లు కొనడం తప్పేనని తేల్చింది.

అయితే అనలిస్టుల మాట పూర్తిగా పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. వాళ్లలో చాలామంది ఫ్యాక్టరీలు తిరిగినవాళ్లు, ఏ చిప్‌కు ఎన్ని పొరలు చెక్కాలో, ఏ యంత్రానికి గిరాకీ ఎందుకు పెరుగుతుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు. వాళ్లకున్న ఒత్తిళ్లు కూడా తెలిసినవే. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వ్యాపారం కోసం రిపోర్టులను వంచారన్న ఆరోపణల మీద 2003లో వాల్‌స్ట్రీట్‌లోని పది పెద్ద సంస్థలు దాదాపు 140 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడ్డాయి. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. అయినా ఈనాటికీ అమెరికా పెద్ద కంపెనీల మీద ఉన్న రేటింగుల్లో సగానికి పైగా బైలే, సెల్ అన్నవి పదో వంతు కూడా ఉండవు. ప్రతి బ్రోకరేజీ తన బై, హోల్డ్, సెల్ నిష్పత్తిని రిపోర్టులోనే ప్రకటించాలి, అది చూసే అలవాటు చేసుకోండి. బై అనడం ఇంత మామూలైనచోట, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అనలిస్టు చాలా ఆలోచిస్తాడు. కంపెనీ యాజమాన్యంతో మాట చెడుతుందన్న బెరుకు ఉంటుంది, ఆ షేరు పట్టుకున్న తన క్లయింట్లకూ కోపం వస్తుంది. పైన చెప్పిన వోమాక్ అధ్యయనంలోనే, సెల్ జాబితాలో చేరిన షేర్లు ఆ తర్వాత ఆరు నెలల్లో సగటున 9.1 శాతం వెనకబడ్డాయి. కొనమన్న మాట కంటే అమ్మమన్న మాటలో ఎక్కువ సమాచారం ఉందన్నమాట. అది నిమిషంలో ఆవిరైపోయేదీ కాదు, చదివి ఆలోచించుకోవడానికి మీకు తీరిక ఇస్తుంది. కాబట్టి అప్‌గ్రేడ్ వచ్చిన రాత్రి రిపోర్టు రేపటికి పెట్టుకున్నా ఫర్వాలేదు. మీ దగ్గర ఉన్న షేరుకు డౌన్‌గ్రేడ్ వస్తే మాత్రం, కారణం ఏం రాశారో అదే రాత్రి చదవండి.